ఓటరు జాబితాలో మన గూడెం ఉందా?

(చోడవరంలో జరిగిన మన సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు థింసా చూశాం, డప్పు విన్నాం. మన పాట, మన ఆట, మన భాష నిలబడాలని అందరం కోరుకుంటున్నాం. అవి నిలబడాలంటే ముందు మన ఊళ్లు నిలబడాలి. ఊరు నిలబడాలంటే దారి కావాలి, బడి కావాలి, మంచినీళ్లు కావాలి, పోడు భూమికి పట్టా కావాలి. వీటి కోసం అర్జీలు పెడుతున్నాం, ధర్నాలు చేస్తున్నాం, గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన ఫొటోలు పేపర్లకు ఇస్తున్నాం. ఇవన్నీ చేయాల్సిందే. వీటితో పాటు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఖర్చు లేని పని, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేని పని. అది ఓటరు జాబితాలో పేరు ఎక్కించుకోవడం, ఆ రోజున వెళ్లి ఓటు వేయడం. ఇవాళ మేము దాని గురించే మాట్లాడతాం. ఏ పార్టీకి వేయాలో మేము చెప్పం, అది మా పని కాదు.

ముందు మనం ఎక్కడున్నామో తెలుసుకుందాం. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలున్నాయి. అందులో 7 షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు అయ్యాయి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు లోయ, పాడేరు, పోలవరం, రంపచోడవరం. చివరి పేరు విని మనదే అనుకోకండి. అది గోదావరి మన్యంలోని చోడవరం. మన చోడవరం జనరల్ స్థానం. చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం, రోలుగుంట మండలాలు ఈ నియోజకవర్గంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4 వరకు మనం విశాఖపట్నం జిల్లా. అప్పటి నుంచి అనకాపల్లి జిల్లా. లోక్‌సభకు కూడా అనకాపల్లి స్థానమే.

రావికమతం, రోలుగుంట మండలాల కొండల మీద మనవాళ్ల గూడేలున్నాయి. పక్కనే మాడుగుల నియోజకవర్గంలోని కొండల మీదా ఉన్నాయి. కొండకు అవతల ఉన్న మన బంధువులు పాడేరులో ఓటు వేస్తారు, అక్కడ గెలిచేది గిరిజన అభ్యర్థే. కొండకు ఇవతల ఉన్న మనం మైదానం ఓటర్లతో కలిసి జనరల్ స్థానంలో వేస్తాం. ఐదో షెడ్యూలు ప్రాంతానికి బయట ఉన్న గూడేలకు పెసా చట్టం గ్రామసభ లేదు, భూబదలాయింపు నిషేధించే 1/70 రక్షణా లేదు. అందుకే నాన్ షెడ్యూల్డ్ గిరిజన గ్రామాలను షెడ్యూలులో చేర్చాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాం. అడిగేవాళ్ల పేర్లే ఓటరు జాబితాలో లేకపోతే ఆ అడగడానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది?

"జనరల్ సీటులో మన నాలుగు ఓట్లు ఎవరికి లెక్క?" అని కొందరు కుర్రాళ్లు అంటుంటారు. లెక్కే. ఎన్నికల తర్వాత ఏ పోలింగ్ కేంద్రంలో ఎన్ని ఓట్లు పోలయ్యాయి, ఎవరికి ఎన్ని వచ్చాయి అన్నది కేంద్రాల వారీగా అందరికీ తెలుస్తుంది. పార్టీలవాళ్లు ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఒక గూడెంలో 120 మంది పెద్దవాళ్లు ఉన్నారనుకుందాం. జాబితాలో 60 పేర్లే ఉండి, వేసింది 25 మందే అయితే, ఆ గూడెం వాళ్లకు 25 ఓట్ల ఊరిగానే కనిపిస్తుంది. 120 మంది ఉన్న ఊరికి రోడ్డు అడిగితే ఒక జవాబు, 25 మంది ఉన్న ఊరికి అడిగితే ఇంకో జవాబు. ఇది న్యాయం కాదు. కానీ నడుస్తున్న పద్ధతి ఇదే.

ఈ హక్కు మనకు తేలిగ్గా వచ్చింది కాదు. బ్రిటిష్‌వాళ్లు 1839లోనే గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలకు వేరే చట్టం చేసి, మామూలు పాలన నుంచి వాటిని వేరు చేశారు. 1935 చట్టం మన్యాన్ని పాక్షికంగా మినహాయించిన ప్రాంతం అంది. అప్పట్లో ఓటు ఆస్తి ఉన్నవాడిది, పన్ను కట్టినవాడిది, చదువుకున్నవాడిది. కట్టెలు కొట్టి, పోడు చేసి బతికే మన తాతలకు అందులో చోటెక్కడిది? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం తిరగబడింది. అందులో గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములు ముందు వరుసలో నిలిచారు. గంటం దొర ఆ పోరాటంలోనే ప్రాణాలు వదిలారు. మల్లు దొర పట్టుబడి ఏళ్ల తరబడి శిక్ష అనుభవించారు.

ఆ తర్వాతి కథ మన పిల్లలకు బడిలో చెప్పరు. మేము చెబుతాం. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది. 326వ అధికరణం ఆస్తి, చదువు, కులం, తెగ ఏదీ చూడకుండా పెద్దవాళ్లందరికీ ఓటిచ్చింది. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. అప్పుడు విశాఖపట్నం లోక్‌సభ స్థానం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారు, అందులో ఒకటి గిరిజనులకు రిజర్వు. ఆ స్థానంలో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి ఢిల్లీ వెళ్లినవారు గాం మల్లు దొర. తెల్లదొరల ప్రభుత్వం జైల్లో పెట్టిన మనిషిని ముప్పై ఏళ్ల తర్వాత పార్లమెంటులో కూర్చోబెట్టింది ఓటే. విల్లంబుతో మొదలైన పోరాటం ఓటు పెట్టె దాకా వచ్చింది. ఆ ఓటే ఇవాళ మన చేతిలో ఉంది.

ఇక పనిలోకి వద్దాం. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

ఎవరు ఓటరు కావచ్చు? భారత పౌరులై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, ఆ ఊళ్లో మామూలుగా నివసిస్తూ ఉండాలి. మొదట్లో 21 ఏళ్లు ఉండేది. 61వ రాజ్యాంగ సవరణతో 1989లో అది 18 అయింది. ఇదివరకు ఏడాదికి ఒక్క జనవరి 1నే లెక్కలోకి తీసుకునేవారు. 2022 ఆగస్టు నుంచి నాలుగు తేదీలయ్యాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. ఉదాహరణకు 2009 ఫిబ్రవరి 10న పుట్టిన చెల్లెలికి 2027 ఫిబ్రవరి 10న 18 నిండుతాయి. ఆ తర్వాత వచ్చే ఏప్రిల్ 1 ఆమెకు అర్హత తేదీ. అంతవరకు ఆగనక్కర్లేదు. 17 నిండగానే ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్ చదువుతున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఏ ఫారం దేనికి? కొత్తగా పేరు చేర్చడానికి ఫారం-6. చనిపోయినవారి పేరో, ఊరు వదిలి వెళ్లిపోయినవారి పేరో తీయించడానికి ఫారం-7. పేరులో తప్పు దిద్దుకోవడానికి, పుట్టిన తేదీ మార్చుకోవడానికి, ఇల్లు మారితే ఓటు మార్చుకోవడానికి, పోయిన కార్డు మళ్లీ తీసుకోవడానికి, వైకల్యం ఉందని నమోదు చేయించుకోవడానికి ఫారం-8. ఆరు చేర్చడానికి, ఏడు తీయడానికి, ఎనిమిది మార్చడానికి. ఇంతే.

ఎక్కడ ఇవ్వాలి? ప్రతి పోలింగ్ కేంద్రానికి ఒక బూత్ స్థాయి అధికారి ఉంటారు. అందరూ బీఎల్‌వో అంటారు. అంగన్‌వాడీ టీచరో, సచివాలయం ఉద్యోగో ఆ పని చూస్తుంటారు. మీ బీఎల్‌వో ఎవరో తెలియకపోతే గ్రామ సచివాలయంలోనో, మండలం తహసీల్దారు కార్యాలయంలోనో అడగండి. 1950 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. ఆ నంబరు మర్చిపోకుండా ఒక గుర్తు: మన ఎన్నికల సంఘం పుట్టింది 1950 జనవరి 25న. అందుకే జనవరి 25ను జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతారు. సెల్‌ఫోన్ సిగ్నల్ ఉన్నచోట ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనూ యాప్‌లోనూ మీరే నింపి పంపవచ్చు. సిగ్నల్ లేని గూడేలవాళ్లు సంత రోజున కిందికి దిగినప్పుడు ఈ పని పెట్టుకోండి.

ఏమి జతచేయాలి? ఒక ఫొటో, పుట్టిన తేదీకి ఒక ఆధారం, చిరునామాకు ఒక ఆధారం. పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి పనికొస్తాయి. చిరునామాకు ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, కరెంటు బిల్లు, రెవెన్యూ శాఖ ఇచ్చిన పట్టాదారు పాస్‌బుక్ వంటివి. ఇంట్లో అప్పటికే ఓటున్న అమ్మదో నాన్నదో కార్డు నంబరు కూడా రాయండి. సొంత సెల్‌ఫోన్ లేకపోతే ఇంట్లోవాళ్ల నంబరు రాయవచ్చు.

మన గూడేల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. ఇంటికి నంబరు ఉండదు. పుట్టినప్పుడు ఎవరూ రాయించలేదు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో ఇంటిపేరు. అయినా దరఖాస్తు ఆపకండి. జాబితాలో ఉన్న పత్రాలు లేనప్పుడు వేరే పత్రం చూపడానికి ఫారంలోనే చోటుంది. బీఎల్‌వో ఇంటికి వచ్చి విచారిస్తారు. ఆ రోజు పొలం పనికో జీడి తోటకో పోయినా, ఇంటి దగ్గర ఉన్న పెద్దవాళ్లకు విషయం చెప్పి వెళ్లండి. "ఈ పిల్ల మా ఊరిదే" అని నలుగురు చెప్పే మాటకు విలువ ఉంది. పేరు తెలుగులో ఎలా రాయాలో, ఇంటిపేరు ఏదో మీరే స్పష్టంగా రాసివ్వండి. ఒకసారి తప్పు పడితే మళ్లీ ఫారం-8 పట్టుకుని తిరగాలి.

ఫారం ఇచ్చాక రసీదు తీసుకోండి. ఆన్‌లైన్‌లో అయితే రిఫరెన్సు నంబరు వస్తుంది, ఫొటో తీసి దాచుకోండి. కాగితం చేతిలో లేకపోతే "ఇచ్చాం" అన్న మాట ఎక్కడా నిలవదు. దరఖాస్తుల వివరాలు బయట పెట్టి, అభ్యంతరాలకు ఏడు రోజులు సమయమిచ్చి, విచారణ అయ్యాక నమోదు అధికారి నిర్ణయం చేస్తారు. తిరస్కరిస్తే అక్కడితో అయిపోలేదు. 15 రోజుల్లోపు జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి పెట్టుకోవచ్చు.

గడువు గురించి ఒక్క మాట. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు కొత్త పేరు చేరదు. ముందు విచారణకు సమయం కావాలి కాబట్టి దానికి కనీసం పది రోజుల ముందే ఫారం అందాలి. ఎన్నికల మైకులు మోగాక మేలుకుంటే ఆలస్యమే. ఊళ్లో మైకు లేని రోజుల్లోనే ఈ పని చేసుకోవాలి. పంచాయతీ ఎన్నికల జాబితా కూడా అసెంబ్లీ జాబితా ఆధారంగానే తయారవుతుంది. ఇక్కడ పేరు లేకపోతే సర్పంచి ఎన్నికలోనూ మాట ఉండదు.

పేరు ఉన్నవాళ్లు కూడా ఏటా ఒకసారి చూసుకోండి. కార్డు ఇంట్లో ఉంటే ఓటు ఉన్నట్టు కాదు, జాబితాలో పేరుంటేనే ఉన్నట్టు. కార్డు మీద పాత జిల్లా పేరున్నా కంగారు పడకండి, జాబితాలో పేరుంటే అది చెల్లుతుంది. పెళ్లై వచ్చిన కోడళ్ల పేర్లు చాలావరకు పుట్టింట్లోనే ఉండిపోతాయి. వాళ్లతో ఫారం-8 పెట్టించండి. అచ్యుతాపురం, పరవాడ కంపెనీలకు, విశాఖకు, హైదరాబాదుకు పనికి వెళ్లినవాళ్లు కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదు. హాస్టల్ విద్యార్థులు సొంత ఊళ్లోనైనా హాస్టల్ దగ్గరైనా ఏదో ఒకచోట నమోదు కావచ్చు. రెండు చోట్ల మాత్రం కుదరదు. తెలిసి తప్పు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలు పడవచ్చు. ఊళ్లో ఉండడం లేదంటూ ఎవరైనా మన పేరు తీయించబోతే, ముందు మన మాట వినాలని చట్టం చెబుతోంది. నోటీసు వస్తే పక్కన పడేయకండి, వెళ్లి జవాబు చెప్పండి.

ఇప్పుడు పోలింగ్ రోజు. 2024 మే 13న మన రాష్ట్రంలో శాసనసభకు, లోక్‌సభకు ఒకేసారి పోలింగ్ జరిగింది. 81.86 శాతం ఓట్లు పడ్డాయి. చాలాచోట్ల అర్ధరాత్రి దాకా జనం వరుసలో నిలబడ్డారు. మన దగ్గర పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా. పాడేరు, అరకు, రంపచోడవరంలో మాత్రం సాయంత్రం 4కే ముగించారు. కాబట్టి కొండవతల చుట్టాలను చూసి మన సమయం లెక్కపెట్టకండి, ప్రతిసారీ సమయం అడిగి తెలుసుకోండి. ముగిసే సమయానికి వరుసలో ఉన్నవాళ్లందరికీ చీటీలిస్తారు, వాళ్లంతా వేసేదాకా పోలింగ్ ఆగదు.

ఓటరు కార్డు దొరకలేదా? ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పింఛను పత్రం, డ్రైవింగ్ లైసెన్సు, పాన్, దివ్యాంగుల గుర్తింపు కార్డు, వీటిలో ఏదైనా చాలు. ఇంటికి తెచ్చి ఇచ్చే ఓటరు స్లిప్పు ఒక్కటే చూపితే కుదరదు.

లోపల మొదటి అధికారి జాబితాలో పేరు చూస్తారు. రెండో అధికారి ఎడమ చేతి చూపుడు వేలికి సిరా పెట్టి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. మూడో అధికారి దగ్గర చీటీ ఇచ్చాక యంత్రం సిద్ధం చేస్తారు. తెర చాటుకు మనం ఒక్కరమే వెళ్లాలి. గుర్తు పక్కన మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ వినిపిస్తుంది. పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో మనం వేసిన గుర్తుతో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. చూసుకుని రండి. రెండు ఎన్నికలు ఒకేసారి ఉంటే రెండు యంత్రాలుంటాయి, రెండింటిలోనూ వేయాలి. ఎవరూ నచ్చకపోతే చివర నోటా ఉంది, 2013 నుంచి ఉంది.

వెళ్లేసరికి మన ఓటు ఎవరో వేసేశారనుకోండి. ఏడ్చుకుంటూ కొండెక్కకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. మీరే అసలు ఓటరని తేలితే కాగితం బ్యాలెట్ ఇస్తారు, దాన్ని వేరే కవరులో భద్రపరుస్తారు. కోర్టు దాకా వెళ్తే అది సాక్ష్యం.

85 ఏళ్లు దాటిన అవ్వలు, తాతలు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే ఓటు వేసే అవకాశం 2024లో వచ్చింది. దానికి ఫారం-12డి, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఇవ్వాలి. అంత తక్కువ గడువు వాళ్లకు ఎవరు చెబుతారు? మీరే చెప్పాలి. కంపెనీల్లో, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. రోజుకూలీలకూ అది వర్తిస్తుంది. మొహమాటపడకుండా అడగండి.

చివరగా అన్నిటికన్నా కష్టమైన మాట. రాత్రిపూట గూడెంలోకి డబ్బు వస్తుంది, మందు వస్తుంది. పసుపు కుంకుమ చేతిలో పెట్టి, పిల్లల మీద ఒట్టు వేయించుకుంటారు. మన పెద్దవాళ్లు ఒట్టుకు కట్టుబడే మనుషులు, ఆ సంగతి తెలిసే అలా చేస్తారు. మేము వాళ్లకు ఒకటే చెబుతాం: ఓటు కోసం డబ్బివ్వడం, తీసుకోవడం రెండూ నేరం. నేరం చేయించడానికి వేయించుకున్న ఒట్టు మనల్ని కట్టేయదు. "మీరు ఎవరికి వేశారో మాకు తెలిసిపోతుంది" అని బెదిరిస్తారు. కేంద్రంలో మొత్తం ఎన్ని పడ్డాయో తెలుస్తుంది గాని, ఏ మనిషి దేనికి వేశాడో చెప్పగల యంత్రం లేదు. తెర చాటున మనం, మన మనస్సాక్షి తప్ప మూడో మనిషి లేడు. బెదిరింపులు, పంపకాలు కంటపడితే సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టవచ్చు, 1950కి చెప్పవచ్చు.

ఓటు ఒక్కటే కాదు, పోటీ కూడా మనదే. జనరల్ స్థానంలోనూ గిరిజనుడు నిలబడవచ్చు. 25 ఏళ్లు నిండితే చాలు. శాసనసభకు డిపాజిట్ అందరికీ 10,000 రూపాయలైతే మనకు 5,000. ఈ సభలో కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఆ కాగితం పట్టుకుని వెళ్లాలని మా ఆశ.

ఇంటికి వెళ్లాక మీరు చేయాల్సిన పని ఇది. ఒక్కొక్కరు ఒక్కో నోటుబుక్కు తీసుకోండి. మీ గూడెంలో ఇల్లిల్లూ తిరగండి. 17 నిండినవాళ్లు ఎవరు, పేరు లేనివాళ్లు ఎవరు, కొత్త కోడళ్లు ఎవరు, చనిపోయినా జాబితాలో ఉన్నవాళ్లు ఎవరు, నడవలేని పెద్దలు ఎవరు, ఐదు వరుసలు రాయండి. ఆ పుస్తకం పట్టుకుని బీఎల్‌వో దగ్గరికి వెళ్లండి. ఫారాలు నింపడం రాకపోతే మా దగ్గరికి రండి, సంత రోజుల్లో చోడవరంలో మేము కూర్చుని నింపి పెడతాం. వచ్చే జాబితాలో మన గూడేల పేర్లు పక్కపక్కనే నిండుగా కనిపించాలి.

జై ఆదివాసీ!